గురి కుదిరిన విల్లు

ఉగాది పచ్చడి దొన్నె చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరైనా ఏమడుగుతారు? పిల్లల చదువులు, ఊళ్లో వానలు, ఇండియా టిక్కెట్ల ధరలు. ఈసారి మాత్రం ఒక మిత్రులు నన్ను మెల్లగా పక్కకు పిలిచి, "మీ అమ్మాయి బాణాలు వేస్తుందట గదా, మీకు తెలిసే ఉంటుంది. టెక్సాస్‌లో మా బావమరిది క్రాస్‌బో కొన్నాడు. ఇరవై గజాల్లో పెట్టిన అట్టకి మధ్యలో గురిపెడితే ఎడమవైపు మూడంగుళాల అవతల తగులుతోందట. దుర్భిణి మర తిప్పితే ఏమీ మారలేదట. కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్యమందామా?" అని అడిగారు.

"ఎంత తిప్పారు?" అన్నాను.

"ఆరు టిక్కులు తిప్పాడట."

అరవై తిప్పమని చెప్పండి, అన్నాను. ఆయన నేను వేళాకోళం ఆడుతున్నానని అనుకున్నారు. నిజానికి అది లెక్క. ఆ లెక్క దొన్నె పట్టుకుని చెప్పేది కాదు గనుక, ఆ పూట విన్న మరో ముగ్గురు నలుగురు కూడా తమ పిల్లల విల్లుల సంగతి అడిగారు గనుక, ఈ నెల మన పత్రికలో నాలుగు పేజీలు ఆక్రమిస్తున్నాను.

ముందు ఒక మాట. క్రాస్‌బో అంటే తుపాకీలాంటి కొయ్య మీద విల్లును అడ్డంగా బిగించి, నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, మీట నొక్కి వదిలేది. చైనాలో రెండువేల ఏళ్ల నాడే సైన్యాలు వాడాయి. వాటి కంచు మీటలు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతుంటాయి. మనకు దగ్గరగా చూడాలంటే నికోబారు దీవుల వాళ్లకీ ఈ అడ్డవిల్లు ఉంది. మన తాతల కాలంలో కోరమాండల్ తీరం నుంచి పినాంగుకు ఓడలు వచ్చిన సముద్రంలోనే ఆ దీవులు. అయితే ఇక్కడ మలేషియాలో మన పిల్లలు క్లబ్బుల్లో నేర్చుకునేది క్రాస్‌బో కాదు, చేత్తో పట్టి లాగే మామూలు విల్లు. దాంట్లో రెండు రకాలు. ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ చూసిన రికర్వ్ ఒకటి. రెండు కొసలా కప్పీలుండే కాంపౌండ్ రెండోది. కాంపౌండ్ విల్లును అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు హాలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన కనిపెట్టి, 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1969లో పొందాడు. గురి కుదర్చడం విషయంలో ఈ కాంపౌండూ క్రాస్‌బో అన్నదమ్ముల బిడ్డలు. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

అసలు గురి ఎందుకు కుదర్చాలి? కంటికి తిన్నగా కనిపించే చోటికి బాణం తిన్నగా పోదు గనుక. నారి విడిచిన క్షణం నుంచీ అది కిందికి పడుతూనే ఉంటుంది. మంచి కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు దాదాపు 85 మీటర్ల వేగంతో వెళుతుందనుకోండి. 18 మీటర్ల దూరం చేరేసరికి 22 సెంటీమీటర్లు పడుతుంది. 50 మీటర్లు చేరేసరికి 1 మీటరు 70 సెంటీమీటర్లు. అంటే నిలువెత్తు మనిషంత! రికర్వ్ బాణం ఇంకా నెమ్మది, సెకనుకు 60 మీటర్లు అనుకుంటే, ఒలింపిక్స్ దూరమైన 70 మీటర్లకు ఆరున్నర మీటర్ల పైచిలుకు పడుతుంది. రెండంతస్తుల ఇల్లు. దూరం రెట్టింపైతే పడేది నాలుగు రెట్లు. హైస్కూల్లో లెక్కల మేష్టారు బోర్డు మీద వేసిన సూత్రమే ఇది, గాలి అడ్డు కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువ.

కాబట్టి విల్లును కాస్త పైకెత్తి వెయ్యాలి. ఎంత ఎత్తాలో కంటికి చెప్పడానికే సైట్ ఉంది. విల్లుకు ముందు చాచిన కడ్డీ మీద ఒక చిన్న వలయం, దాని నడుమ ఒక ముల్లు. కాంపౌండ్‌కైతే ఆ వలయంలో భూతద్దం కూడా ఉంటుంది, నారిలో పీప్ అని ఒక చిన్న బొక్క బిగించి ఉంటుంది. కన్ను ఆ బొక్కలోంచి చూసి, వలయాన్ని, ముల్లును, లక్ష్యాన్ని ఒక వరుసలో పెట్టాలి. రికర్వ్‌కు భూతద్దమూ లేదు, పీపూ లేదు, నిబంధనలు ఒప్పుకోవు. అక్కడ నారి గడ్డానికి తగిలే చోటే వెనక గురి.

ఇక త్రికోణాల సంగతి. కంటి నుంచి ముల్లుకు దూరం సుమారు 90 సెంటీమీటర్లు. లక్ష్యం 50 మీటర్లు. అంటే ముల్లును ఒక్క మిల్లీమీటరు కదిపితే అక్కడ బాణం అయిదున్నర సెంటీమీటర్లు కదులుతుంది. కాంపౌండ్ వాళ్లు 50 మీటర్లలో వేసే లక్ష్యంలో పదో వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లే. నట్టనడుమ తగిలే బాణం, ముల్లు ఒక మిల్లీమీటరు కదిలిన పాపానికి తొమ్మిదిలోకి పోతుంది. సైకిలు చక్రం నట్టు తిప్పినట్టు సైట్ మర తిప్పకూడదని అందుకే అనేది.

ఎటు తిప్పాలి అన్నది చాలామంది తికమకపడే చోటు. మా అమ్మాయి కోచ్ మలాయీ ఆయన, పిల్లలంతా 'చిక్గు' అని పిలుస్తారు. ఆయన మొదటి రోజే చెప్పే మాట "ఇకుట్ అనాక్ పానహ్" అని. బాణం వెంట పో, అని. (మలాయీలో బాణాన్ని 'అనాక్ పానహ్' అంటారు, అంటే వింటి బిడ్డ. ఎంత ముద్దైన మాట!) బాణాలు ఎడమకు పోతున్నాయా, ముల్లును ఎడమకు జరుపు. కింద పడుతున్నాయా, ముల్లును కిందికి దించు. వినగానే తప్పనిపిస్తుంది. కింద పడుతుంటే పైకి గదా జరపాలి? కాదు. ముల్లును కిందికి దించితే, అదే ముల్లును మళ్లీ లక్ష్యం మీద పెట్టడానికి మీరు విల్లును పైకెత్తక తప్పదు. బాణం పైకి పోతుంది. నేను ఇంజనీరింగు చదివి కూడా దీన్ని కాగితం మీద గీసుకుంటే తప్ప నమ్మలేదు.

క్రాస్‌బో దుర్భిణి దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది. దాని మరల మీద పైకి, కుడికి అని బాణం గుర్తులు చెక్కి ఉంటాయి. అవి బాణం ఎటు పోవాలో చెప్పేవి, ముల్లు ఎటు పోవాలో కాదు. ఎడమకు పడుతుంటే కుడి గుర్తు వైపు తిప్పాలి. విల్లు అలవాటున్న వాడు క్రాస్‌బో పట్టినా, క్రాస్‌బో అలవాటున్న వాడు విల్లు పట్టినా మొదటి రోజు అట్ట దాటిపోయేది ఇందువల్లే.

ఇప్పుడు టెక్సాస్ బావమరిది సంగతి తేల్చేద్దాం. సాధారణంగా ఆ దుర్భిణుల్లో ఒక్కో టిక్కు 100 గజాల దూరంలో పావు అంగుళం కదుపుతుంది. ఆయన వేసేది 20 గజాల్లో, అంటే అయిదో వంతు దూరంలో. అక్కడ ఒక టిక్కు అంగుళంలో ఇరవయ్యో వంతే కదుపుతుంది. మూడంగుళాలు కదలాలంటే 60 టిక్కులు. ఆరు టిక్కులకు కదిలేది అంగుళంలో మూడో వంతు కన్నా తక్కువ. అది ఆయన చేతి వణుకులోనే కలిసిపోయి ఉంటుంది. దుర్భిణిలో లోపం లేదు, పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం చదవకపోవడంలో ఉంది. (ఒక టిక్కుకు ఎంత అన్నది ఆ పుస్తకంలోనే ఉంటుంది, దుర్భిణికీ దుర్భిణికీ తేడా ఉండవచ్చు, చూసుకోమనండి.)

క్రాస్‌బోకు మరి రెండు మూడు జాగ్రత్తలు. మొదట పది గజాల్లో మొదలుపెట్టి, అట్టకు తగులుతోందని నిశ్చయం చేసుకుని, తరువాత ఇరవైకి పోవాలి. చేతుల్లో పట్టుకుని కాక, బల్ల మీద ఇసుక సంచికి ఆనించి వెయ్యాలి. ఇప్పుడు పరీక్షించేది ఆయుధాన్ని, మనిషిని కాదు. నారిని చేతులతో లాగి తగిలిస్తే ఒకసారి నడుమకు, ఒకసారి ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, బాణం కూడా అటే పోతుంది. రెండు కొక్కేల తాడు ఒకటి ఇస్తారు, దాంతోనే లాగాలి. బాణాలన్నీ ఒకే బరువువి, తయారు చేసినవాళ్లు చెప్పినంత బరువువి కావాలి. దుర్భిణిలో ఒకదాని కింద ఒకటి నాలుగైదు చుక్కలుంటే, పై చుక్కను 20 గజాలకు కుదిర్చి, కింది చుక్కలు ఏ దూరానికి పనికొస్తాయో వేసి చూసి రాసుకోవాలి. పెట్టె మీద అచ్చువేసిన దూరాలు నిజమని నమ్మరాదు. బొటనవేలు నారి నడిచే కొయ్య అంచుకు కిందనే ఉండాలి, పైకి రానివ్వరాదు. బాణం పెట్టకుండా మీట నొక్కరాదు. బాణం మోసుకుపోవలసిన బలమంతా విల్లు చెక్కల్లోకే తిరిగొచ్చి పగలగొడుతుంది. ఈ చివరి మాట మన పిల్లల విల్లులకూ అక్షరాలా వర్తిస్తుంది. ఇంటికొచ్చిన మామయ్యలు, బాబాయిలు "ఏదీ, ఓసారి లాగనీ" అని లాగి ఊరికే వదలడం వల్ల పోయిన విల్లులు ఎన్నో!

సరే, ముల్లు ఎటు తిప్పాలో తెలిసింది. ఎప్పుడు తిప్పాలి? ఇది తెలియక నేను చేసిన నిర్వాకం ఒకటి ఉంది. దాచుకుంటే లాభం లేదు, చెబుతాను.

రెండేళ్ల కిందట మా అమ్మాయి మొదటిసారి పెద్ద పోటీకి వెళ్లింది. కాంపౌండ్, 50 మీటర్లు, 72 బాణాలు, మొత్తం 720కి. అంతకు ముందు నాలుగు నెలలు ప్రతి శనివారం, ఆదివారం పొద్దున్నే లేచి ఎండెక్కకముందే మైదానానికి పోయి కుదుర్చుకున్న గురి. ఆ రోజు పోటీకి ముందు వామప్ బాణాలు వేసింది. నేను వెనకాల బైనాక్యులర్స్‌తో చూస్తున్నాను. ఒక మూడింట్లో రెండు ఎడమకు, ఎర్రరంగు వలయంలోకి పోయాయి. అమ్మాయి నీళ్లు తాగడానికి పక్కకు వెళ్లింది. విల్లు స్టాండు మీద ఉంది. 'బాణం వెంట పో' అన్న మంత్రం నాకు వచ్చు గదా! మర కాస్త ఎడమకు తిప్పాను. సాయం చేశాననుకున్నాను.

అమ్మాయి కూడా ఆ రెండు బాణాలు చూసింది. తిరిగివచ్చి తనూ అంతే తిప్పింది. ఒక తప్పుకు రెండు దిద్దుబాట్లు.

పోటీ మొదటి వరుసలో ఆరు బాణాలూ కుడివైపు ఎర్రరంగులోకి వెళ్లాయి. తనకేమీ అర్థం కాలేదు. తన చేతిలోనే ఏదో తేడా వచ్చిందనుకుంది. విల్లు పట్టు మార్చి చూసింది, ఇంకా చెడింది. మూడో వరుసకు గాని సైట్ స్కేలు మీది అంకె తన నోటుపుస్తకంలో రాసుకున్న అంకెతో కలవడం లేదని గమనించలేదు. అప్పటికి పోయిన పాయింట్లు పోయాయి. ఎంపిక జాబితాకు నాలుగు పాయింట్ల దూరంలో ఆగిపోయింది.

కారులో ఇల్లు చేరేదాకా నేను చెప్పలేదు. చెప్పాక వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "నాన్నా, ఆ రెండు బాణాలూ సైట్ తప్పు కాదు. నేనే సరిగ్గా వదల్లేదు. నాకు తెలుసు. నువ్వు అడిగితే చెప్పేదాన్ని గదా?" అంది. మరునాడు సైట్ పెట్టె మూతకు ఒక కాగితం అతికించింది, తెలుగులోనే. 'నాన్న ముట్టరాదు.' మూడేళ్లు మన సంఘం ఆదివారం తరగతుల్లో నేర్చుకున్న తెలుగు ఆ విధంగా అక్కరకొచ్చింది. ఆ కాగితం నేటికీ ఉంది.

ఒకటి రెండు బాణాలను చూసి మర తిప్పరాదు, ఇదీ నేర్చుకున్నది. కనీసం మూడు బాణాల గుంపులు రెండు వెయ్యాలి. బాగా వదిలామని మనసుకు తెలిసిన బాణాలనే లెక్కలోకి తీసుకోవాలి. గుంపు నడిమధ్య ఎక్కడుందో చూసి, అప్పుడు తిప్పాలి. గుంపే లేకపోతే, బాణాలు ఊరంతా చల్లినట్టుంటే, మర జోలికే పోరాదు. తప్పు సైట్‌లో లేదు, నిలబడడంలోనో వదలడంలోనో ఉంది. గుంపు బిగువుగా ఉండి ఒక మూలకు చేరితే మాత్రం సంతోషించాలి. వేసేవాళ్లు బాగానే వేస్తున్నారు, సైట్ ఒక్కటే కదపాలి.

ఫ్యాక్టరీల్లో పనిచేసే మన సభ్యులకు డెమింగ్ గారి గరాటు ప్రయోగం తెలిసే ఉంటుంది. గరాటులోంచి గోళీ వదిలి, పడ్డ తేడాను బట్టి ప్రతిసారీ గరాటును జరుపుతూ పోతే, ఊరికే ఉంచిన దానికంటే గోళీలు ఎక్కువ చెదురుతాయి. లెక్క ప్రకారం ఆ చెదురుబాటు కొలత, అంటే గణాంకాల్లో వేరియన్స్ అనేది, సరిగ్గా రెట్టింపవుతుంది. మిషను దగ్గర ఈ సంగతి పదిమందికి పాఠం చెప్పిన వాణ్ణి, కూతురి వింటి దగ్గర మర్చిపోయాను.

గురి ఎంత బాగా కుదిరితే ఎంత ఫలితమో చూడాలంటే మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖను చూడాలి. చిన్నతనంలోనే కృష్ణానదిలో ఈది పేరు తెచ్చుకున్న పిల్ల, తరువాత విల్లు పట్టింది. కె.ఎల్. యూనివర్సిటీలో చదివింది. (మనవాళ్లు 'కె.ఎల్.' అనగానే ఇక్కడి కె.ఎల్. అనుకుంటారు, అది గుంటూరు జిల్లా వడ్డేశ్వరం కె.ఎల్.!) 2017లో అర్జున అవార్డు వచ్చింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు బంగారు పతకాలు: వ్యక్తిగతం, మహిళల జట్టు, మిశ్రమ జంట. వ్యక్తిగత ఫైనల్లో కొరియా అమ్మాయి సో చేవోన్ మీద 149-145తో గెలిచింది. ఆ పోటీలో 15 బాణాలు, గరిష్ఠం 150. అంటే పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. ఒక్కో బాణానికి ఇచ్చే వ్యవధి 20 సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో మర తిప్పుతూ కూర్చునే వ్యవధి ఎక్కడిది? అంతా ముందే తేలిపోయి ఉండాలి. విజయవాడలో చెరుకూరి సత్యనారాయణ గారి వోల్గా ఆర్చరీ అకాడమీ ఎందరో పిల్లలకు విల్లు చేతికిచ్చింది. ఆయన కుమారుడు, కోచ్ లెనిన్, 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖంలోనూ అకాడమీ ఆగలేదు. రికర్వ్‌లో బొమ్మదేవర ధీరజ్ కూడా బెజవాడవాడే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

మలేషియా కూడా తక్కువేమీ కాదు. తెరెంగానుకు చెందిన ఖైరుల్ అనువార్ మొహమద్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత క్వార్టర్ ఫైనల్ చేరాడు. ఆయన, శ్యాకిరా మషాయిఖ్ టోక్యోలోనూ పోటీ చేశారు. ఇక 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా కాంపౌండ్‌ను, మిశ్రమ జంటల పోటీగా చేరుస్తున్నట్టు 2025లో ప్రకటించారు. మన పిల్లల్లో కాంపౌండ్ మీద ఆసక్తి పెరగడానికి అదొక కారణం.

ముల్లు కుదిరాక కూడా ఒక దొంగ మిగులుతాడు. వాడి పేరు ఒరుగు. విల్లు తల కొంచెం కుడికి వాలిందంటే బాణం కుడికి, కొంచెం కిందికి పోతుంది. దగ్గర్లో తెలియదు, దూరం పెరిగినకొద్దీ బయటపడుతుంది. అందుకే కాంపౌండ్ సైట్‌లో మేస్త్రీల రసమట్టం లాంటి చిన్న బుడగ ఉంటుంది. అయితే ఆ బుడగే వంకరగా బిగించి ఉంటే? దాన్ని పట్టుకునే ఉపాయం ఒకటి మా చిక్గు చేయిస్తారు. పెద్ద అట్ట మీద పైన ఒక చుక్క పెట్టి, దాని కిందుగా లంబసూత్రం వేలాడదీసి ఒక నిలువు గీత గీయాలి. 20 మీటర్లకు కుదిర్చిన గురిని ఏమాత్రం మార్చకుండా, ఆ చుక్కనే చూస్తూ 20, 25, 30, 35, 40 మీటర్లకు వెనక్కి వెనక్కి నడుస్తూ ఒక్కో బాణం వెయ్యాలి. బాణాలు ఒకదాని కింద ఒకటి దిగుతూ, 40 మీటర్ల బాణం చుక్కకు దగ్గర దగ్గర అర మీటరు కింద గుచ్చుకుంటుంది. అవన్నీ ఆ నిలువు గీత మీదే ఉంటే సరే. ఏటవాలుగా ఒక పక్కకు జరుగుతూ పోతే, బాణం ఆనే చోటో, బుడగో, సైట్ కడ్డీయో వంకరగా ఉంది. ఒక్కొక్కటే సరిచేసి మళ్లీ నడవాలి. మా అమ్మాయి విల్లుకు ఇది ఒక పూటంతా పట్టింది. నేను బాణాలు పీకి తెచ్చే పనే చేశాను, అంతకు మించి అనుమతి లేదు.

దూరాల గుర్తుల గురించి ఒక చిత్రం. బాణం పడేది దూరపు వర్గాన్ని బట్టి అన్నాం గదా, మరి సైట్ స్కేలు మీద గుర్తులు కూడా దూరంతోపాటు ఎడం పెరుగుతూ పోవాలనిపిస్తుంది. పోవు. పడ్డ ఎత్తును దూరంతో భాగించిందే కోణం, అది దూరంతో సమంగానే పెరుగుతుంది. కాబట్టి 20 నుంచి 50 మీటర్ల దాకా గుర్తులు దాదాపు సమాన ఎడంలో ఉంటాయి, మా అమ్మాయి విల్లుకు పది మీటర్లకు సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున. కొన్ని దూరాలు గట్టిగా కుదుర్చుకుంటే మధ్యవి అంచనా కట్టవచ్చు. అయితే అంచనా కట్టింది వేసి చూడకుండా పోటీకి తీసుకుపోరాదు.

మన దేశం, అంటే మనం వచ్చి ఉంటున్న ఈ దేశం, వాతావరణం ఒకటి చెప్పాలి. విల్లును కారు డిక్కీలో వదిలి షాపింగుకు పోవడం మనకు అలవాటు. ఈ ఎండకు లోపల పొయ్యిలా ఉంటుంది. నారి పోగులు సాగుతాయి, పీప్ బొక్క పక్కకు తిరుగుతుంది, మొన్న కుదిరిన గురి ఇవాళ ఉండదు. విల్లు మన వెంటే రావాలి, అన్నం డబ్బా లాగా. నారికి మైనం రాయడం మరవరాదు. తడి గాలి ఊరుకోదు. పొద్దున ఎండ ఒక పక్కనుంచి, సాయంత్రం రెండో పక్కనుంచి సైట్ వలయం మీద పడుతుంది. వెలుగు పడ్డ అంచు లావుగా కనిపించి కన్ను తెలియకుండానే అటు జరుగుతుంది. కనుక ఏ వేళ పోటీయో ఆ వేళే ఒకసారి సరిచూసుకోవాలి. మార్చి ఏప్రిల్‌లోను, అక్టోబరు నవంబరులోను మధ్యాహ్నం పిడుగుల వానలు మీకు తెలిసినవే. ఉరుము వినపడగానే విల్లులు దించి లోపలికి. ఇంకో గుంపు వేసి పోదాం అన్న మాట వద్దు.

తామాన్‌లో ఇంటి వెనక సందులో అట్ట పెట్టి వేయించే తల్లిదండ్రులు కొందరున్నారని విన్నాను. వాళ్లకు కోపం వచ్చినా సరే, అది తప్పు. 50 మీటర్లు పోవలసిన బాణం గురి తప్పి అట్ట పైనుంచి పోతే రెండు మూడొందల మీటర్లు పోగలదు. అవతల ఎవరి పిల్లవాడు సైకిలు తొక్కుతున్నాడో మనకు తెలియదు. గురి కుదరని విల్లును మొదట వెయ్యవలసింది అట్టకు నాలుగడుగుల దగ్గర, వెనక మట్టికట్టో వలో ఉన్న మైదానంలో, కోచ్ పక్కన. క్రాస్‌బోను విదేశాల నుంచి తెచ్చుకోవాలని ఎవరికైనా ఉంటే, టిక్కెట్టు కొనకముందే కస్టమ్స్ వారినీ పోలీసు వారినీ అడిగి తెలుసుకోవాలి. సూట్‌కేసులో పెట్టుకుని దిగి, తరువాత సంఘం కార్యదర్శికి ఫోను చెయ్యడం కాదు.

ఇంత చెప్పాక, సైట్ అంటూ ఏమీ లేని వాళ్ల మాట కూడా చెప్పాలి. ఈ దేశపు అడవుల్లో ఓరాంగ్ అస్లీ జనం ఊదుగొట్టంతో వేటాడతారు, మలాయీలో సుంపితాన్ అంటారు. రెండు మీటర్లకు అటూ ఇటూ పొడవున్న వెదురు గొట్టం, ఈనె లాంటి సన్నని ముల్లు, దాని మొనకు ఈపో చెట్టు పాల విషం. మనమంతా తెల్లకాఫీకి ఆగే ఈపో నగరానికి ఆ చెట్టు పేరే పెట్టారు. చెట్టు కొమ్మల్లో ఇరవై ముప్ఫై మీటర్ల ఎత్తున ఉన్న జంతువును కొడతారు. ముల్లూ లేదు, బుడగా లేదు. గొట్టం నోటికి ఆనించి, రెండు కళ్లూ తెరిచి, లక్ష్యాన్నే చూస్తారు. బాగన్ దాతో కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన ఒక తెలుగు తాతగారు తన చిన్నప్పటి ఉండేలు గురించి నాకు అదే చెప్పారు: "ఉండను చూస్తే ఉడత పోతుంది బాబూ, ఉడతనే చూడాలి." ద్రోణుడి పరీక్షలో అర్జునుడికి చెట్టూ కొమ్మా కనబడకుండా పిట్ట తల ఒక్కటే కనబడిన కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. సైట్ ఉన్న విల్లుకూ చివరకు అంతే. చాలామంది కోచ్‌లు పిల్లలతో, ముల్లు కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు, చూపు పసుపురంగు నడుమనే నిలవనీ అంటారు. ముల్లు వణుకుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలని చూస్తే ఇంకా వణుకుతుంది.

పోయిన నెల పోటీకి మా అమ్మాయి మళ్లీ వెళ్లింది. నేను బైనాక్యులర్స్ ఇంట్లో పెట్టి వెళ్లాను. బాణాలు వేసేముందు తను నోటుపుస్తకం తెరిచి, స్కేలు మీది అంకె చూసి, పుస్తకంలోది చూసి, ఒకసారి వెనక్కి తిరిగి నా చేతులు ఎక్కడున్నాయో చూసింది. రెండు చేతుల్లోనూ ఆవిడ నీళ్ల సీసా, టోపీ ఉన్నాయి.